పైడమ్మ గుర్తు

రాయపూర్ స్టేషను వెనక రైల్వే లైన్లలో మా పక్క క్వార్టరు దాలమ్మది. ఆమె మొగుడు పరదేశి ఇంజను డ్రైవరు. మంచివాడే గాని, ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రపోతాడు, నిద్ర లేచాక ఇంట్లో ఉండడు. పిల్లలు లేరు. యుద్ధం అయిపోయాక మా ఆయన రామమూర్తిగారికి ఇక్కడి బుకింగ్ ఆఫీసుకు బదిలీ అయింది. సామాను ఇంకా బండి మీంచి దించనైనా లేదు, దాలమ్మ వచ్చి మా గుమ్మంలో నిలబడింది. మంచినీళ్ళు కావాలా అనలేదు, మీరే కులస్తులని అడగలేదు.

"ఏ ఊరమ్మా మీది? ఇసాపట్నం ఎప్పుడైనా ఎల్లేరా? పైడమ్మని, నా సెల్లెలు. ఎడం కనుబొమ్మ మీద కోత మచ్చుంటాది. ఎక్కడైనా అవుపించిందేటి?"

నాకు ఒళ్ళు మండింది. ప్రయాణపు బడలిక ఒకటి, ఈమె ఒకతె.

"మాది బొబ్బిలి దగ్గర. విశాఖపట్నం మా పెరడనుకున్నావా అమ్మా, అందులో ఎవరెవరున్నారో చెప్పడానికి?" అన్నాను.

ఆమె చిన్నబుచ్చుకోలేదు. "అడిగితే పోయీదేటుందమ్మా, అందర్నీ అడుగుతాను," అని మా బిందె చంకనేసుకుని నల్లా దగ్గరికి వెళ్ళి నీళ్ళు పట్టుకొచ్చింది. విశాఖ వైపు నుంచి ఏ సంసారం ఈ లైన్లలో దిగినా మొదటి ప్రశ్న అదేనని తరవాత తెలిసింది. లైన్లలో వాళ్ళు వెనక నవ్వుకునేవారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను. నా నోరు అలాంటిది, దాన్ని కట్టడి చెయ్యడం మా ఆయన వల్లే కాలేదు.

నవ్వడం ఎప్పుడు మానేశానంటే, ఒక మధ్యాహ్నం ఇద్దరం వడియాలు పెడుతున్నప్పుడు ఆమె అంతా చెప్పింది. దాలమ్మ పుట్టింటివారు చాకళ్ళు. విశాఖలో ఓడరేవుకు ఎదురుగా ఒక పెద్ద హోటలుంది. ఓడల కంపెనీల దొరలు, కలకత్తా నుంచి వచ్చే వ్యాపారస్తులు దిగేచోటు. ఆ హోటలు దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతకడం దాలమ్మ తల్లి పని. అక్కచెల్లెళ్ళిద్దరూ ఆ దుప్పట్లు ఇసకలో ఆరేసి, గాలికి ఎగిరిపోకుండా మూలల మీద కూర్చునేవారట. వెనక గేటు దాటి లోపలికి అడుగు పెడితే కాళ్ళు విరగ్గొడతానని తల్లి బెదిరించేది. లోపల ఏముందో ఇద్దరూ కలిసి ఊహించేవారు. పైడమ్మ లెక్క ప్రకారం అక్కడ మంచాలు ఉయ్యాలలాగా వాటంతటవే ఊగుతాయి.

పరదేశితో పెళ్ళయి దాలమ్మ రాయపూర్ వచ్చేసింది. తల్లి పోయాక హోటలు బట్టలు పైడమ్మ చేతికి వచ్చాయి. పైడమ్మ మొగుడు రంగూన్ వెళ్ళి అక్కడే ఇంకొకతెను చూసుకున్నాడు. ఆ తరవాత యుద్ధం. విశాఖ మీద బాంబులు పడ్డ వేసవిలో ఊరికి ఊరే లేచిపోయింది. బళ్ళు దొరికిన వాళ్ళు బళ్ళ మీద, దొరకని వాళ్ళు నడిచి, తలో దిక్కూ పోయారు. పైడమ్మ ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. యుద్ధం ముగిశాక పరదేశి పాసు మీద దాలమ్మ వెళ్ళి చూస్తే, వాళ్ళ పాకలున్న చోట రేకుల గోదాములు లేచి ఉన్నాయి. హోటల్లో ఇంకా మిలిటరీ వాళ్ళున్నారు. గేటు దగ్గరే కసిరి పంపేశారు. అప్పటినుంచి మళ్ళీ వెళ్ళడానికి దాలమ్మకు కాళ్ళు రాలేదు. ఇక్కడే కూర్చుని వచ్చేపోయే వాళ్ళను అడుగుతూ ఉండిపోయింది.

"ఉంటే కబురంపును కదమ్మా," అన్నాను.

"సదువు రాదు కదమ్మా దానికి. నాకూ రాదు. కబురెలా అంపుతాది?" అంది.

సదర్ బజారులో ఒక సేఠ్ ఉన్నాడు. దగ్గర్లోని తిల్దాలో బియ్యం మిల్లుంది. అది చాలక అడవిలో ఏరించిన కరక్కాయలు కొని విశాఖ ఓడల మీద సీమకు పంపుతాడు. తోళ్ళు పదును చెయ్యడానికి దొరలకు కరక్కాయ కావాలట. మనకైతే దగ్గు మందు. ఆ సేఠానీకి మోకాళ్ళ నొప్పులు, దాలమ్మ రోజూ వెళ్ళి నూనె రాసి వస్తుంది. స్వతంత్రం వచ్చిన నాలుగైదేళ్ళకు కాబోలు, సేఠ్ ఓడల కంపెనీతో మాట్లాడటానికి విశాఖ బయల్దేరాడు. సేఠానీ తనూ సముద్రం చూడాలని పట్టుబట్టింది. భాష రాదు గనక దాలమ్మ కూడా రావాలి, ఒక్క క్షణం కూడా తనను వదిలి కదలకూడదు అని షరతు పెట్టింది.

దాలమ్మ పరుగున మా ఇంటికొచ్చింది. "పార్వతమ్మగారూ, ఆ హోటల్లోనే దిగుతారంట! మా యమ్మ ఉతికిన హోటలు!" అంది. ఎందుకో నాకు భయం వేసింది. ఆశ పెట్టుకున్న వాళ్ళను చూస్తే నాకెప్పుడూ భయమే. నాకున్న ఒక్క నేత చీరా ఇచ్చి, "ఇది కట్టుకు వెళ్ళు, పెద్ద హోటలు," అన్నాను.

ఇక్కడినుంచి జరిగింది నేను చూడలేదు. ఆమె చెప్పిందే చెబుతున్నాను. విసుర్లు మాత్రం నావి.

తలపాగా చుట్టిన బేరరు ముందు తలుపు తీసి సలాం కొట్టాడు. సలాం సేఠానీకి, కాని దాలమ్మ సరిగ్గా ఆమె వెనకే ఉంది కాబట్టి కొంత ఈమెకూ తగిలింది. నేల మీద రాయి ఎంత నున్నగా ఉందంటే, జారిపడతానని సేఠానీ దాలమ్మ భుజం పట్టుకునే నడిచింది. లిఫ్టంటే ఇనప బోను. అందులోకి ఎక్కగానే సేఠానీ కళ్ళు మూసుకుని రాంరాం అనుకుంది, పైకి చేరాక కూడా కాసేపటిదాకా తెరవలేదు. గదిలో పంకా, నిలువెత్తు అద్దం, స్ప్రింగు మంచాలు. దాలమ్మ ఒక మంచాన్ని వేలితో నొక్కి చూసింది. ఊగింది. చెల్లెలు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదన్నమాట.

కిటికీలోంచి ఓడరేవంతా కనిపిస్తోంది. ఓడల పొగ గొట్టాలు, క్రేన్లు, ఆవల డాల్ఫిన్ కొండ. దాలమ్మ తమ పాకల చోటు వెతికింది. గోదాముల రేకులు ఎండకు మెరుస్తున్నాయి. వాటి పక్కన చారెడు ఇసక మిగిలి ఉంది, అంతే. ఇన్నేళ్ళు రాయపూర్ బొగ్గు పొగలో ఆమె తలుచుకున్న ఊరు అదే. ఇంత ఎత్తునుంచి చూస్తుంటే పరాయి వాళ్ళ ఊరిలా ఉంది. కిటికీ ఊచలు పట్టుకుని ఏడ్చేసింది. సేఠానీ చూసి, సముద్రాన్ని చూసిన ఆనందమనుకుని తనూ కళ్ళొత్తుకుంది.

తరవాత సేఠానీ మంచం దగ్గరికి వచ్చి ముక్కు చిట్లించింది.

"యే చద్దర్ హటావ్, దాలమ్మా. కౌన్ సోయా, కౌన్ ధోయా, భగవాన్ జానే!" అంది. ఆ దుప్పటి తీసెయ్యాలట, ఎవడు పడుకున్నాడో, ఎవరు ఉతికారో, దేవుడికే తెలియాలట. తన పరుపు, తన దుప్పటి రాయపూర్ నుంచి మోయించుకొచ్చింది. అవి నేల మీద పరిపించుకుంది. "అద్దె కట్టిన మంచం ఊరికే పడి ఉండటం దేనికి? దాని మీద నువ్వు పడుకో," అంది. సేఠ్ ఓడల కంపెనీ వాళ్ళతో మాట్లాడుతూ వేరే గదిలో ఉన్నాడు. అలా మా లైన్ల దాలమ్మ స్ప్రింగు మంచం మీదకూ, లక్షాధికారి పెళ్ళాం నేల మీదకూ వచ్చారు. ఎవరి మడి వాళ్ళది.

దాలమ్మ దుప్పటి లాగింది. మూల మడత విడింది. అక్కడ జీడిగింజ రసంతో పెట్టిన చిన్న నల్ల గుర్తుంది. మూడు చుక్కలు, వాటి కింద చేప తోకలాగా ఒక గీత.

ఏ చాకలి ఇంటి గుర్తు ఆ ఇంటిదే. వంద ఇళ్ళ బట్టలు కలిసిపోయినా గుర్తు చూసి విడదీస్తారు. ఒకరి గుర్తు ఇంకొకరు పెట్టరు. ఈ గుర్తు దాలమ్మ తల్లిది, తల్లి తరవాత పైడమ్మది. దాలమ్మ ఆ మూల పట్టుకుని అలాగే నేల మీద కూలబడింది. మోకాళ్ళ నొప్పి తనకా దీనికా అని సేఠానీ విస్తుపోయింది.

కాసేపటికి బుద్ధి పనిచేసింది. దుప్పటి పాతది కావచ్చు. జీడి మరక బట్ట చిరిగేదాకా పోదు. యుద్ధానికి ముందు పెట్టిన గుర్తే ఇంకా ఉండవచ్చు. అప్పుడు స్నానాల గదిలోకి పరుగెత్తింది. అక్కడి తువ్వాళ్ళు కొత్తవి. పాత దొరల కిరీటం బొమ్మ తీసేసి, మన వాళ్ళు వచ్చాక కొత్తగా నేయించిన ఓడ బొమ్మ వాటి మీద ఉంది. ఆ తువ్వాలు మూలన కూడా అవే మూడు చుక్కలు, అదే తోక.

"బతికుంది," అని పైకే అంది దాలమ్మ. ఆ మాట నాకు చెప్పేటప్పుడు కూడా, అన్నీ తెలిసిపోయిన తరవాత కూడా, ఆమె ముఖం వెలిగింది.

సాయంత్రం టీ తెచ్చిన బేరరు సూరిబాబును అడిగింది. "బట్టలుతికీది ఎవరు బాబూ? ఆడమనిసేనా?"

"ఆడమనిసేనండి. మూటలన్నీ ఒకతే తెస్తాది. రేపు పొద్దున్నే ఒస్తాది, వెనక గేటు కాడికి."

"ఎడం కనుబొమ్మ మీద మచ్చుంటాదా?"

సూరిబాబు నవ్వాడు. "మూటలు సూసుకుంటానండి నేను, మొకం ఎవడు సూసాడు?"

పేరడగడానికి మాత్రం దాలమ్మకు నోరు రాలేదు. అడిగితే వాడు ఇంకేదైనా పేరు చెబుతాడేమోనని భయం. ఆ రాత్రి మెత్తటి మంచం మీద పడుకుని, పొద్దున్న చెల్లెలు కనబడగానే ముందు వాటేసుకోవాలా, చెంప పగలగొట్టాలా అని ఆలోచిస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ళు ఏడిపించినందుకు చెంపదెబ్బే న్యాయం అనిపించిందట. నాకూ అదే న్యాయంగా తోచింది.

తెల్లవారగానే, కిందికి వెళ్ళి వస్తానని సేఠానీని బతిమాలింది. సేఠానీ ఒప్పుకోదు. భాష రాని ఊళ్ళో, ఇనప బోనున్న ఇంట్లో, ఒంటరిగా ఉండనంది. "నేనూ వస్తాను, పద," అని ముఖం మీదికి ఘూంఘట్ నిండా లాక్కుని వెంట బయల్దేరింది. ఈసారి మెట్ల మీంచే దిగారు. వంటింటి పక్కనుంచి, బొగ్గు కుప్ప దాటుకుని వెనక గేటు చేరారు. చిన్నప్పుడు బయటినుంచి చూసిన గేటును దాలమ్మ మొదటిసారి లోపలినుంచి చూసింది.

గాడిద మీంచి మూట దించుతూ ఒక ఆడమనిషి ఉంది. పొట్టిగా, పళ్ళెత్తుగా, తల ముగ్గుబుట్టగా ఉంది. కనుబొమ్మ మీద మచ్చ లేదు. పైడమ్మ కాదు.

అయినా దాలమ్మ వదల్లేదు. గదిలోంచి వెంట తెచ్చిన తువ్వాలు మూల చూపించింది. "ఈ గుర్తు నీదేటమ్మా?"

ఆ మనిషి కస్సుమంది. "ఏటి, సిరిగిందా? సిరిగితే ముందే సిరిగుంటాది. ఈ బంగారమ్మ సేతిలో బట్ట సిరగనేదు ఇప్పటిదాకా!"

"బట్ట గొడవ కాదమ్మా. ఈ గుర్తు పైడమ్మది. నేను దాని అప్పని. దాలమ్మని. రాయపూర్ నించొచ్చినాను."

బంగారమ్మ చేతిలో మూట జారిపోయింది. ముఖమంతా నోరు చేసుకుని నవ్వింది.

"ఓలమ్మో! రాయపూర్ దాలమ్మప్పవా! నీ మాటే సెప్పీది ఎప్పుడూ! ఏదీ, పైడమ్మేదీ? ఎంటబెట్టుకు ఒచ్చినావా?" అంటూ దాలమ్మ వెనక్కి చూసింది. అక్కడ ముసుగేసుకుని ఒక ఆడమనిషి నిలబడి ఉంది. బంగారమ్మ గబగబా వెళ్ళి ఆ ముసుగు పట్టుకుంది. "ఏటే పైడీ, నా కాడ కూడా ముసుగేటే! రాయపూర్ ఎల్లి ఇంత గొప్పోళ్ళ పెళ్ళానివయిపోనావేటే!"

సేఠానీ "హే రామ్!" అని వెనక్కి గెంతింది. ముసుగు తొలగి, బంగారపు ముక్కుపుడకతో, ఎర్రటి గుండ్రటి ముఖం బయటపడింది. బంగారమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని దాలమ్మ వైపు చూసింది. దాలమ్మ అప్పటికే అర్థం చేసుకుంది.

"నా కాడికి రానేదమ్మా అది," అంది.

"రాకపోడమేటి! నీ కాడికే కదా ఎల్లింది! బాంబులు పడ్డాక ఓల్తేరు టేసన్లో రాయపూర్ బండి నేనే ఎక్కించినాను. అప్ప కాడికి ఎల్తన్నాను, నేనొచ్చీదాకా నా ఇళ్ళు నువ్వు సూడు బంగారీ, గుర్తు మాత్తరం నాదే ఎయ్యి, అని ఒట్టేయించుకున్నాది. ఒచ్చి మళ్ళీ తీసుకుంతానన్నాది. నేనేటనుకున్నానూ... అప్ప కాడ సుకంగా ఉండిపోనాది, మమ్మల్ని మర్సిపోనాది అనుకున్నాను. సంకురాత్రికీ ఉగాదికీ తిట్టుకున్నాను కూడా దాన్ని."

వాళ్ళలో ఉతికే ఇళ్ళు ఆస్తి కింద లెక్క. ఊరు వదిలి వెళ్ళేవాళ్ళు ఇళ్ళు ఇంకొకరికి అప్పజెబుతారు. తిరిగొస్తానన్న మనిషి ఇళ్ళలో ఆ మనిషి గుర్తే నడవాలి. సొంత గుర్తు వేసుకున్నారంటే ఇళ్ళు సొంతం చేసుకున్నట్టు, అసలు మనిషి ఇక రానట్టు. ఇది దాలమ్మకు తెలియని సంగతి కాదు. ఉగ్గుపాలతో నేర్చినదే. తువ్వాలు మీది గుర్తు చూసిన క్షణంలో ఆ మాట గుర్తు రాలేదు, అంతే. గుర్తుంటే మనిషి ఉన్నట్టేననుకుంది. పోనీలెండి, ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అనుకుందును.

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ నిలబడ్డారు. ఇన్నేళ్ళూ పైడమ్మ విశాఖలో ఉందేమోనని ఈమె, రాయపూర్‌లో ఉందని ఆమె. ఆ వేసవి సంగతి అప్పుడు దాలమ్మకు తట్టింది. ఆ ఎండల్లో పరదేశిని బిలాస్‌పూర్ పంపారు. తనూ వెంట వెళ్ళింది. వానలు పడేదాకా రాయపూర్ క్వార్టరుకు తాళమే. చెల్లెలు వచ్చి తాళం చూసి తిరిగిపోయిందో, ఆ జనంలో దారిలోనే ఎక్కడ దిగిపోయిందో చెప్పగల వాళ్ళు ఎవరూ లేరు.

బంగారమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అడగాలా వద్దా అని కాసేపు తటపటాయించి, అడిగేసింది.

"అప్పా, మా వోళ్ళంతా నవ్వుతన్నారు నన్ను. సచ్చిందో బతికిందో తెలీని దాని గుర్తేటే నీకు, నీ పిల్లలికి ఏటి మిగుల్తాది, అంతన్నారు. ఇన్నాళ్ళూ ఒట్టుకి కట్టుబడున్నాను. నువ్వు సొంత అప్పవి. నీ మాటే మాట. నువ్వు సెప్పు. నా గుర్తు ఏసుకోనా?"

ఆమె అడిగినదాంట్లో తప్పు లేదు. ఇన్నేళ్ళ చాకిరీ ఆమెది, పిల్లలు ఆమెకున్నారు. ఊ అంటే సరిపోతుంది. కాని ఆ ఊ అనడమంటే చెల్లెలికి తన చేత్తో నీళ్ళు వదలడమే. దాలమ్మ ఆ తువ్వాలును రెండు చేతులా గుండెకు పట్టుకుని నిలబడింది. ఓడ ఒకటి కూత వేసింది. గాడిద చెవులు విదిలించింది.

"వద్దమ్మా," అంది చివరికి. "నీకు అన్యాయం సేస్తన్నాను, నాకు తెలుసు. నన్ను తిట్టుకో. దాని గుర్తే ఎయ్యి."

బంగారమ్మ వంగి మూట ఎత్తుకుంది. "ఎయ్యడానికేటుందప్పా. ఎస్తాను," అంది. ఆ మనిషిని నేనెప్పుడూ చూడలేదు గాని, చూస్తే దణ్ణం పెడతాను.

ఇదంతా తెలుగులో జరిగింది. సేఠానీకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. తన ముసుగు లాగిన మనిషి ఏడవడం, దాలమ్మ ఏడవకపోవడం మాత్రం చూసింది. మెట్లెక్కుతుండగా దాలమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "క్యా బోలీ వో?" అని అడిగింది. ఏం చెప్పిందామె?

దాలమ్మ తన రాయపూర్ హిందీలో, ఇప్పుడే అందిన కబురు చెబుతున్నట్టుగా చెప్పింది.

"నా చెల్లెలు మా ఇంటికి బయల్దేరిందట, సేఠానీజీ. సేఠ్‌జీతో చెప్పండి, నేనివాళే వెళ్ళిపోవాలి. ఇంటికి తాళం వేసి వచ్చాను."